తలుపు మనది – తాళంచెవి ఎవరిది?

మా ఊరి పేరు తలుపుల. కదిరికి ఉత్తరాన ఉండే మండల కేంద్రం. హాస్టల్లో చేరిన మొదటి రోజు ఈ పేరు విని ఒక మిత్రుడు, "తలుపుల సరే, మరి తాళాలెక్కడప్పా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వినారు. నేనూ నవ్వినాను గానీ లోపల చురుక్కుమంది. ఎందుకంటే దానికి సరిగ్గా నెల ముందు నా సొంత కంప్యూటరు తలుపు నా మొహం మీదే పడింది. తాళంచెవి నా దగ్గర లేదు. ఎవరి దగ్గర ఉందో వాళ్లకే తెలియదు!

ఈ సంచికకు వ్యాసం రాయమని సంఘ మిత్రులు అడిగినప్పుడు ఈ విషయమే రాస్తానన్నాను. "లాగిన్లు, పాస్‌వర్డుల మీద వ్యాసమేమిటి? అది ల్యాబు గోడకు అంటించే నోటీసు కదా!" అని ఒకరిద్దరు పెదవి విరిచినారు. మంచి మాటే. నోటీసు అంటించి ఉంటే నేనీ వ్యాసం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు. ఫీజుల మీద, స్కాలర్‌షిప్పుల మీద, హాస్టలు అన్నం మీద మనం పోరాడినాం, పోరాడుతూనే ఉంటాం. కానీ నేడు విద్యార్థి చదువంతా, రాతంతా, సగం బతుకంతా ఇమిడి ఉన్న ఆ చిన్న పెట్టె తలుపు ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్నను ఏ సంఘమూ, ఏ అధ్యాపక సభా ఇంతవరకు తీరిగ్గా అడిగినట్టు లేదు. ఇక్కడ అడుగుదాం.

నిజాయితీగా చెప్పిన జవాబు

డిగ్రీ రెండో సంవత్సరంలో నాకు కంప్యూటరు అవసరం పడింది. నాయన ఆ ఏడు శనక్కాయలమ్మిన డబ్బులో కొంత, అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసిన అప్పు కొంత కలిపి ఇచ్చినారు. బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి ఒక సెకండ్‌హ్యాండు ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన యంత్రం. అందుకని అందులో ఉన్నది విండోస్ ప్రో రకం. ఈ ‘ప్రో’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దానిలోనే ఉంది.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే యంత్రం ఒక ప్రశ్న వేసింది: ఇది మీ సొంత వాడకానికా, లేక ఆఫీసు లేదా స్కూలు కోసమా? నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. చదువు కోసమే కదా కొన్నది! అమ్మ అప్పు తీసింది కూడా చదువు కోసమే కదా! ‘స్కూలు’ అన్న దాని మీదే నొక్కినాను. కాలేజీవాళ్లు ఇచ్చిన మెయిల్ ఐడీ అడిగింది, ఇచ్చినాను. పాస్‌వర్డు అడిగింది, ఇచ్చినాను. పిన్ పెట్టుకొమ్మంది, పెట్టుకున్నాను. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. యంత్రం అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పి చెడిపోవడమంటే ఇదే!

ఆ అయిదు నిమిషాల్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ ఒక్క నొక్కుతో నా ల్యాప్‌టాప్ కాలేజీ కంప్యూటర్ల జాబితాలో చేరిపోయింది. యంత్రంలోకి పోయే ముఖ్యమైన దారి కాలేజీ అకౌంటే అయింది. పైగా అటువంటి యంత్రాల్లో బిట్‌లాకర్ అనే రక్షణ దానంతట అదే మొదలవుతుంది. డిస్కులో ఉన్నదంతా ఎవరికీ అర్థం కాని విధంగా కలగాపులగం చేసి దాచిపెడుతుంది. యంత్రం దొంగల చేతిలో పడినా లోపలి రాతలు వాళ్లకు చిక్కవు. మంచి ఏర్పాటే. ఆ దాచినదాన్ని అవసరానికి విప్పుకోవడానికి నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. సొంత అకౌంటుతో మొదలుపెట్టినవాడికి ఆ కీ సొంత అకౌంటులో ఉంటుంది. నేను కాలేజీ అకౌంటుతో మొదలుపెట్టినాను గనక నా కీ కాలేజీ ఖాతాలోకి పోయింది. ఇల్లు నాది, అప్పు మాది, తాళంచెవి వాళ్లది!

డిగ్రీ అయిపోయింది. టీసీ తీసుకున్నాను. కాలేజీవాళ్లు పాత విద్యార్థుల అకౌంట్లన్నీ తీసేసినారు. అది వాళ్ల పద్ధతి, తప్పు పట్టను. నా పిన్ మాత్రం పనిచేస్తూనే ఉండింది కాబట్టి నాకేమీ అనుమానం రాలేదు. తర్వాత ఒకనాడు యంత్రపు అడుగు సాఫ్ట్‌వేరుకు ఏదో అప్‌డేట్ వచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే నీలం రంగు తెర. రికవరీ కీ ఇవ్వమంటుంది. పిన్ అక్కర్లేదంట, పాస్‌వర్డు అక్కర్లేదంట, నలభై ఎనిమిది అంకెలు కావాలంట.

బస్సెక్కి కాలేజీకి పోయినాను. ఆఫీసులో ఆయన పాపం మర్యాదగానే మాట్లాడినాడు. "బాబూ, నువ్విప్పుడు మా స్టూడెంటువి కాదు కదా. అకౌంటే లేనప్పుడు నేనేం చేసేది?" అన్నాడు. ల్యాబు సారు ఇంకా మంచివాడు. "ఉండు, సూస్తా" అని రెండు రోజులు వెతికి ఫోన్ చేసినాడు. "నీ మెషీన్ పేరే మా లిస్టులో లేదప్పా. పాతవన్నీ తుడిచేసినారు" అన్నాడు. ఆ మాటతో కథ ముగిసింది.

యంత్రం చెడిపోలేదు. విండోస్ మళ్లీ కొత్తగా వేసుకుంటే నడుస్తుంది, ఇప్పుడు నడుస్తూనే ఉంది. పోయింది లోపల ఉన్న సొత్తు. మా మండలంలో ఊరూరూ తిరిగి రైతుల బోరుబావుల లోతులు రాసుకొచ్చి చేసిన ప్రాజెక్టు పోయింది. పీజీ ఎంట్రన్సు కోసం రాసుకున్న నోట్సు పోయింది. అవి మళ్లీ రాసుకోవచ్చు. కానీ మా అవ్వ కలుపు తీసేటప్పుడు పాడుకునే పాటలు గంటన్నర సేపు పాడించి రికార్డు చేసి పెట్టుకున్నాను. అవి కూడా అందులోనే ఉండినాయి. అవ్వ ఆ ఏడాది సంక్రాంతి ముందే పోయింది. ఇంకెవరు పాడతారు?

వేరేచోట ఒక కాపీ పెట్టుకోకపోవడం నా తప్పే. ఒప్పుకుంటాను. కానీ నా ఒక్కడి తప్పేనా? ఆఫీసాయన చెడ్డవాడు కాదు, ల్యాబు సారు చెడ్డవాడు కాదు, నేనూ మరీ మందబుద్ధిని కాదు. ముగ్గురు మంచివాళ్ల మధ్య ఒక నష్టం జరిగిందంటే తప్పు మనుషుల్లో లేదు, పద్ధతిలో ఉంది.

గది తాళం వేరు, ఇంటి తాళం వేరు

"మాది ప్రో కాదులే, మామూలు హోమ్ రకం, మాకేం భయం?" అనుకునే మిత్రులకు ఒక మాట. మీకు ఆ మొదటి ప్రశ్న రాకపోవచ్చు. కానీ ఆన్‌లైన్ క్లాసు కోసమో, అసైన్‌మెంటు పంపడానికో ఏదైనా అప్లికేషన్‌లో కాలేజీ ఐడీ ఇవ్వగానే ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. ‘అలౌ మై ఆర్గనైజేషన్ టు మేనేజ్ మై డివైస్’ అని, పక్కన టిక్కు ముందే పెట్టి ఉంటుంది. విండోస్ మారే కొద్దీ మాటలు కొంచెం మారుతుంటాయి, భావం మాత్రం అదే: ఈ యంత్రం మీద పెత్తనం మా సంస్థకు ఇస్తున్నాను అని. దాని కిందనే, చిన్న అక్షరాల్లో, ‘ఈ ఒక్క అప్లికేషన్‌కు మాత్రమే’ అనే దారి కూడా ఉంటుంది. 2020లో కరోనా వచ్చి క్లాసులన్నీ ఇళ్లకొచ్చినప్పుడు ఎంతమందిమి ఆ రెండో దారి చూసినాం? క్లాసు మొదలైపోతుందన్న తొందరలో అందరం ‘ఓకే’ నొక్కినవాళ్లమే.

ఈ తేడా అర్థం కావాలంటే పెనుకొండకు పోదాం. కోటకు ద్వారం ఉంటుంది, కావలివాళ్లు ఉంటారు. రాత్రి ఎప్పుడు మూయాలో, పొద్దున ఎప్పుడు తెరవాలో కోటను కాచేవాళ్లే నిర్ణయిస్తారు. కోటలో కాపురముండేవాడు దాన్ని కాదనడు. అంతమాత్రాన తన ఇంటి గడియ కూడా వాళ్ల చేతికిమ్మంటే ఒప్పుకుంటాడా? కాలేజీ మెయిలు, కాలేజీ పాఠాలు, మార్కుల పట్టికలు ఇవి కాలేజీ కోట. దానికి ఎంత పెద్ద తాళమైనా వేసుకోవచ్చు. నా ల్యాప్‌టాప్ నా ఇల్లు. కాలేజీ మెయిలు చూసుకోవడానికి నా ఇంట్లో ఒక గది ఇస్తాను. ఆ గది నియమాలు వాళ్లవే. ఇంటి తాళం మాత్రం నాదే.

పెత్తనం ఇచ్చినాక సంస్థ ఏం చేయగలదు? పిన్ ఎన్ని అంకెలుండాలో చెప్పగలదు. ఎన్ని నిమిషాలు ఊరకుంటే తెర మూసుకుపోవాలో చెప్పగలదు. కొన్ని ప్రోగ్రాములు పెట్టగలదు, తీసేయగలదు. అవసరమనుకుంటే దూరం నుంచే తుడిచేయగలదు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: ఈ ఏర్పాటు వల్ల మన ఫోటోలూ, మనం చూసిన వెబ్‌సైట్ల పట్టికా కాలేజీవారికి నేరుగా కనబడవు. కాబట్టి ‘సారు మన ఫోన్లన్నీ చూస్తున్నాడంట’ అని హాస్టల్లో పుట్టే పుకార్లన్నీ నమ్మనక్కర్లేదు. భయం వేరు, జాగ్రత్త వేరు.

కాలేజీ పక్షాన నాలుగు మాటలు

అధ్యాపక మహాశయులు ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. "నియమాలు లేకపోతే మీరు సరిగా ఉంటారా?" అని. నిజమే, ఉండం. చరిత్రే చెబుతోంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1961లో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడుకునే పద్ధతి మొదలైంది. ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలని తలా ఒక పాస్‌వర్డు ఇచ్చినారు. ఆ కాలంలో ఒక్కొక్కరికి వారానికి నాలుగు గంటలే వంతు. అది చాలని అలెన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి 1962లో పాస్‌వర్డుల ఫైలు మొత్తాన్ని అచ్చు వేయించుకొని ఇతరుల వంతు కూడా వాడుకున్నాడు. అంటే పాస్‌వర్డు పుట్టింది విశ్వవిద్యాలయంలో. పుట్టిన ఏడాదిలోపే దాన్ని దొంగిలించింది విద్యార్థి! మన వంశవృక్షం అటువంటిది.

ఇంకా దగ్గరి ముచ్చట చెబుతాను. 2017 మే నెలలో ‘వాన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడినాయి. దొంగలను పట్టేవాళ్ల ఇంట్లోనే దొంగ పడినాడు! దానికి విరుగుడు అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికినారు, ‘తర్వాత చూద్దాం’ అన్నవాళ్లు చిక్కినారు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు ఇటువంటి దాడికే పడిపోతే, దాదాపు రెండు వారాలు రోగుల పేర్లు కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. రేపు మనలో ఒకడి నిర్లక్ష్యం వల్ల పరీక్షల శాఖ కంప్యూటర్లు అలా పడిపోతే ఏమవుతుంది? మార్కుల లిస్టుల కోసం ఎవరు తిరగాల? మనమే. అందుచేత ‘పిన్ పెట్టుకోండి, అప్‌డేట్ చేసుకోండి, రెండో గుర్తింపు పెట్టుకోండి’ అని కాలేజీ అడగడం న్యాయం. దాన్ని నేను ప్రశ్నించడం లేదు.

నేను ప్రశ్నించేది ఒక్కటే: కాపలా కాసేవాడి చెయ్యి ఎంతవరకు రావచ్చు?

కాపలా అతి అయితే

2022 డిసెంబరు 21న మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. పాఠాలు తప్ప వేరేవి చూడకుండా వాటికి కట్టుబాట్లు పెట్టినారు. ఇచ్చినది ప్రభుత్వం, పుచ్చుకున్నది పదమూడేళ్ల పిల్లలు. అక్కడ తాళం ఇచ్చినవారి చేతిలో ఉంటే అర్థం ఉంది. కానీ అప్పు చేసి కొనుక్కున్న పంతొమ్మిదేళ్ల విద్యార్థి యంత్రానికి అదే న్యాయం వర్తిస్తుందా?

ఇచ్చినవారి యంత్రమైనా హద్దు ఉండాలని చెప్పే కథ ఒకటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర లోయర్ మెరియన్ అనే చోట ప్రభుత్వ పాఠశాలలు పిల్లలకు ల్యాప్‌టాపులిచ్చినాయి. పోతే వెతుక్కోవడానికని అందులో ఒక ఏర్పాటు పెట్టినారు. దూరం నుంచే కెమెరా నడిపి బొమ్మ తీసే ఏర్పాటు. 2009లో ఒక విద్యార్థికి, ఇంట్లో తన గదిలో ఉన్నప్పుడు తీసిన తన ఫోటోను బడివాళ్లే చూపించినారు! కోర్టుకు పోతే, కెమెరా బొమ్మలు, తెర బొమ్మలు కలిపి వేలకు వేలు బయటపడినాయి. చివరికి ఆరు లక్షల పదివేల డాలర్లకు రాజీ కుదిరింది. దొంగల కోసం పెట్టిన కన్ను పిల్లల పడకగది చూసింది. పెట్టినవాళ్లు దుర్మార్గులని కాదు. చెప్పకుండా పెట్టినారు, అడగకుండా వాడినారు. అంతే తేడా.

మన దేశంలో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చినాయి. దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఆ చట్టంలో రెండు మాటలు మనం కంఠస్థం చేయదగ్గవి. ఒకటి: మన సమాచారం తీసుకునేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు అందులో ఉంది! రెండు: అంగీకారం ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా దాదాపు అంత సులువుగా ఉండాలి.

ఈ రెండు మాటలు పట్టుకొని నా కథ మళ్లీ చూడండి. నోటీసు నాకు ఏ భాషలోనూ రాలేదు. అంగీకారం ఇవ్వడానికి ఒక్క నొక్కు పట్టింది. వెనక్కి తీసుకోవడానికి రెండు బస్సులెక్కినా కుదరలేదు.

మన ఇంటి దొంగతనం

పెద్దల తప్పులు ఎంచి మన తప్పులు దాచుకుంటే అది న్యాయం కాదు. మనవైపు కూడా చూసుకుందాం.

కదిరి వైపు నెట్ సెంటర్లలో ఎక్కడికైనా పోండి. బల్ల మీద ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. అందులో వరుసగా పిల్లల పేర్లు, పక్కన ఐడీలు, ఆ పక్కన పాస్‌వర్డులు. జ్ఞానభూమి స్కాలర్‌షిప్పువి, పరీక్ష ఫీజువి, కౌన్సెలింగువి. ఒకసారి నేనే తిరగేసి చూసినాను. సగం పాస్‌వర్డులు పేరు పక్కన ఒకటి రెండు మూడు. నెట్ సెంటరు అన్న మంచివాడే. "మీరు మర్సిపోతే మళ్లా నా దగ్గరికే వస్తారు గదప్పా, అందుకే రాసిపెడతా" అంటాడు. నిజమే. కానీ ఆ పుస్తకం ఒక్కటి పోతే చుట్టుపక్కల పల్లెల పిల్లల భవిష్యత్తు అంతా పోయినట్టే కదా!

ఎంసెట్, అదే 2021 నుంచి మన రాష్ట్రంలో ఈఏపీసెట్, వెబ్ కౌన్సెలింగ్ మొదలయ్యే ముందు ఏటా అధికారులు నెత్తీ నోరూ కొట్టుకుంటారు: మీ పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి, మీ ఆప్షన్లు మీరే పెట్టుకోండి అని. అయినా ఎవరో ఏజెంటు, ఎవరో దూరపు చుట్టం "నేను చూసుకుంటాలే" అంటే చేతిలో పెట్టేస్తాం. ఇంటి తాళంచెవి బజారులో ఇచ్చి దొంగ పడినాడని ఏడ్చి లాభమేమి?

అయితే దీనిలో కూడా నియమాలు పెట్టేవారి వంతు కొంత ఉంది. నెలకోసారో మూడు నెలలకోసారో పాస్‌వర్డు మార్చాలి, అందులో ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి అనే నియమం ఎక్కడ పుట్టింది? 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన సలహాపత్రం దీన్ని లోకమంతా పాకించింది. 2017లో ఆ సంస్థే ఆ సలహాను వెనక్కి తీసుకుంది. ఆయన కూడా తాను రాసినదానికి చింతిస్తున్నానన్నాడు. ఎందుకంటే మనిషి స్వభావం వారికి అప్పటికి తెలిసొచ్చింది: మార్చమంటే చివరి అంకె మారుస్తాడు, కష్టమైతే కాగితం మీద రాస్తాడు. ఇప్పటి సలహా ఏమంటే, పాస్‌వర్డు పొడుగ్గా ఉండాలి, ఇదివరకే బయటపడిన పాస్‌వర్డుల్లో ఒకటి కాకూడదు, బయటపడిందన్న అనుమానం వస్తేనే మార్చాలి. లోకం వదిలేసిన నియమాన్ని మనం ఇంకా పట్టుకొని వేలాడటమెందుకు?

సంఘం అడగవలసినవి

ఇది గొంతెమ్మ కోరికల జాబితా కాదు. ఒక్క రూపాయి ఖర్చు లేని పనులు.

ఒకటి. కాలేజీ ఐడీ ఇచ్చే రోజున దానితోపాటు తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వాలి. సొంత యంత్రంలో ఈ ఐడీ ఎలా వాడాలి, ఏ టిక్కు తీసేయాలి, పెత్తనం ఇస్తే కాలేజీ ఏమేం చేయగలదు, ఏమేం చేయలేదు అన్నది అందులో ఉండాలి.

రెండు. సొంత యంత్రం మీద పెత్తనం ఇవ్వడం విద్యార్థి ఇష్టం కావాలి. ఇవ్వనన్నవాడు బ్రౌజరులోనో ల్యాబు కంప్యూటరులోనో పని చేసుకునే వీలుండాలి. అందుకు మార్కులు తగ్గకూడదు.

మూడు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. మనం చదువు ముగించేటప్పుడు నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం ఎన్ని సంతకాలు తిరుగుతాం? లైబ్రరీ పుస్తకాలు ఇచ్చినాడా, ల్యాబులో పరీక్షనాళిక పగలగొట్టినాడా, హాస్టలు బాకీ ఉందా అని కాలేజీ మన దగ్గర లెక్క చూసుకుంటుంది. ఆ కాగితంలో మరొక్క వరుస చేర్చమంటున్నాను: "విద్యార్థి యంత్రం కళాశాల జాబితా నుండి విడదీయబడినది, రికవరీ కీ విద్యార్థికి ఇవ్వబడినది." మనం కాలేజీకి బాకీ ఉండకూడదు, సరే. కాలేజీ మనకు బాకీ ఉండవచ్చునా?

నాలుగు. టీసీ ఇచ్చిన మర్నాడే అకౌంటు మూయకుండా ఆరు నెలల గడువు, మూసే ముందు ఒక హెచ్చరిక మెయిలు ఇవ్వాలి.

అయిదు. నెలనెలా పాస్‌వర్డు మార్చే నియమం ఉన్నచోట దాన్ని ఎత్తేయాలి. దాని బదులు అందరూ రెండో గుర్తింపు పెట్టుకునేట్టు చూడాలి.

ఈ రాత్రే చేయవలసినవి

సంఘం అడిగేవి అడుగుతుంది. అందాకా చేతులు ముడుచుకొని కూర్చోకండి. ఈ సంచిక మూసి మీ యంత్రం తెరవండి. సెట్టింగ్సులో అకౌంట్స్, అందులో ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’ అనే చోటుకు పోండి. అక్కడ మీ కాలేజీ పేరు ఉందా చూడండి. ఉంటే తొందరపడి తెంచేయకండి. మీరు రోజూ లోపలికి పోయేది ఆ కాలేజీ అకౌంటుతోనే అయితే, ముందు మీ సొంత పేరున అడ్మినిస్ట్రేటర్ అధికారం గల ఇంకొక అకౌంటు తెరిచి, దానితో ఒకసారి లోపలికి పోయి చూసుకోండి. తర్వాతే తెంచండి. లేకపోతే మీ చేతులతో మీరే బయట నిలబడతారు!

బిట్‌లాకర్ నడుస్తోందో లేదో చూడండి. నడుస్తుంటే దాన్ని ఆపనక్కర్లేదు, అది మంచిదే. కానీ ఆ నలభై ఎనిమిది అంకెలు ఒక కాగితం మీద అచ్చు తీసి, పదో తరగతి సర్టిఫికెట్టు దాచిన ట్రంకుపెట్టెలోనే దాచండి. ముఖ్యమైనవన్నీ ఇంకొకచోట కాపీ పెట్టుకోండి. ఈ ఒక్క మాటకు నా దగ్గర అవ్వ పాటల సాక్ష్యం ఉంది.

పాస్‌వర్డు చిన్నది, చిక్కుది కాకుండా పొడుగుది, మీకే తెలిసింది పెట్టండి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు కలిపితే చాలు. మన ఇంటి మాటలు, పొలం మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి, బయటివాడికి ఊహకు కూడా అందవు. విండోస్ పిన్ చూసి చులకనగా అనుకోకండి. అది ఆ ఒక్క యంత్రంలోనే పనిచేస్తుంది, ఇంకొకచోట ఎవడూ వాడలేడు. పాస్‌వర్డు అలా కాదు, ఎక్కడినుంచైనా తలుపు తీస్తుంది. అందుకే రోజువారీకి పిన్ మేలు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో వాడుతుంటే వాళ్లకు వేరే అకౌంటు ఇవ్వండి, అడ్మినిస్ట్రేటర్ అధికారం మాత్రం వద్దు. నెట్ సెంటరులో పని కాగానే లాగౌట్ చేసి లేవండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పాత యంత్రమున్నవాళ్లు ఆ సంగతి కూడా చూసుకోండి. ఎప్పుడైనా డబ్బు విషయంలో మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మిత్రులారా! ఈ కాలేజీ నాకు చాలా ఇచ్చింది. పోయేటప్పుడు నా దగ్గర లైబ్రరీ పుస్తకమొక్కటి కూడా మిగలనివ్వదు, అది దాని ధర్మం. నా తాళంచెవి కూడా దాని దగ్గర మిగలకూడదు, అది నా హక్కు. నా తర్వాత మా ఊరినుంచి వచ్చే పిల్లవాడు నో డ్యూస్ కాగితం చేతపట్టుకొని సంతకాలకు తిరిగేటప్పుడు, దానిలో ఆ కొత్త వరుస ఒకటి కనబడితే, ఇదెవరు పెట్టించినారో అతనికి తెలియనక్కర్లేదు.

ఆ రోజు హాస్టల్లో నన్ను ఎగతాళి చేసిన మిత్రునికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. తాళాలెక్కడప్పా అంటివి కదా? తాళాలు ఎవరైనా వేయవచ్చు నాయనా. చెవి మాత్రం ఇంటివాడి మొలలో ఉండాల.

— ఎం.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, తలుపుల